పుల్లయ్య వాత

మొన్న ఈ పరాయి దేశంలో, బుకిట్ బటోక్‌లో మా అపార్ట్‌మెంట్ల బ్లాకు కింద ఒకతను బల్ల వేసుకుని, తోలు బెల్టుల మీద పేర్లు కాల్చి ఇస్తున్నాడు. కాలిన తోలు వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. మా నాన్న దూడలకు వాత పెట్టేటప్పుడు వచ్చే వాసన అది. కానీ నాకు ముందు గుర్తొచ్చింది నాన్న కాదు, మాస్టారు. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది.

మాస్టారు మా పై అంతస్తులో ఉండేవారు. ఇక్కడి యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరై, అమెరికా కౌబాయ్‌ల మీద తెలుగులో పుస్తకం రాస్తున్నారు. నేను మనవరాలిని చూసుకోవడానికి కూతురింటికి వచ్చినదాన్ని. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు, ఒక్క అక్షరం రాదు. మాది మార్కాపురం వైపు అనీ, చిన్నప్పుడు నాన్నతో పశువుల్ని నల్లమలకు తోలేదాన్ననీ మాటల్లో తెలిసి, ఆయన బ్లాకు కింద ఉన్న సిమెంటు బల్ల దగ్గర కూర్చోబెట్టి అమెరికా వాతల బొమ్మలు చూపించారు. ఒకదాని మీద వేలుపెట్టి, ఇది పనికిరాదన్నాను. గీతలు అంత దగ్గరగా ఉంటే, పుండు మానేసరికి అన్నీ కలిసి ఒకటే మచ్చ అవుతుంది. ఆయన బొమ్మలు పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"పది ఊళ్ళ మంద కలిసిపోతే వాత చూసి విడదీసినదానివి. నీకు చదవడం వచ్చమ్మా. అక్షరాలే కొత్త."

అంతవరకూ నన్ను అలా అన్నవాళ్ళు లేరు. మర్నాటి నుంచి పలక పట్టాను. అక్షరాలు దిద్దిస్తూనే తన పుస్తకం సంగతులు చెప్పేవారు. స్పెయిన్ వాళ్ళు ఓడల్లో పశువుల్ని తెచ్చారట. తాడు విసరడం, జీను కట్టడం మెక్సికో కాపరుల దగ్గరే మిగతావాళ్ళు నేర్చుకున్నారట. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళు ఎందరో నెలల తరబడి మందల్ని రైలు స్టేషన్ల దాకా తోలారట. తర్వాత ముళ్ళకంచెలు వచ్చి దారులు మూసేశాయి. "మంద యజమాని పేరు మిగిలింది, తోలినవాడి పేరు పోయింది," అంటూ ఆయన బల్ల మీద చరిచేవారు. ఆ కోపం చూసే నేనాయన్ని నమ్మాను.

అందుకే మా ఇంటి వాత గీసిచ్చాను. అరచంద్రం, కింద ఎడంగా రెండు గీతలు. ఇనుము ఎంత ఎర్రబడాలో, ఏ తొడ మీద పెట్టాలో అన్నీ చెప్పాను. ఒక్కటే అడిగాను, బొమ్మ కింద మా నాన్న పేరు వేయమని. పుల్లయ్య అనే పేరు అంతవరకూ ఏ కాగితం మీదా ఎక్కలేదు. తప్పకుండా వేస్తానన్నారు.

పుస్తకం వచ్చాక కూడబలుక్కుంటూ రెండు నెలలు చదివాను. నేను మొదటిసారి పూర్తిగా చదివిన పుస్తకం అదే. బొమ్మ ఉంది. కింద "ఒక నిరక్షరాస్య కాపరి గుర్తు, రచయిత సేకరణ" అని ఉంది. నా మొహం చూసి మనవరాలు ఇక్కడి పిల్లల యాసలో, "వాట్ హ్యాపెన్డ్, అమ్మమ్మా? ముత్తాత నేమ్ వేర్ లా?" అంది. చివరి పేజీ దాకా మళ్ళీ వెతికాను. ఆయన కృతజ్ఞతలు చెప్పినవాళ్ళంతా ప్రొఫెసర్లే.

పుస్తకం పట్టుకుని పైకి వెళ్ళాను. ఆయన అప్పుడే టీ కలుపుకుంటున్నారు, నాకూ ఒక కప్పు పెట్టారు.

"ప్రతి కాపరి పేరూ వేయలేం కదమ్మా. చదివేవాళ్ళకు పుల్లయ్య ఎవరో ఏం తెలుస్తుంది?"

"రాస్తే తెలిసేది మాస్టారూ," అన్నాను.

టీ ముట్టకుండా వచ్చేశాను. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. ఆయన పోయినప్పుడు కూడా ఎక్కలేదు. అది తప్పని మా అమ్మాయి అంటుంది. కావచ్చు.

ఈమధ్యే ఆ పేజీ తీసి, బొమ్మ కింద బాల్‌పెన్నుతో నాన్న పేరు రాశాను. లకారం కింద ఒత్తు దగ్గర చెయ్యి కాస్త ఆపి కిందికి దించాను, మాస్టారు నేర్పినట్టే. నాకు ఇంకోలా రాయడం రాదు.