త్రివేణి వెళ్ళని సమాధి

మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో త్రివేణిని ఎరగనివాళ్ళు లేరు. మందుల కంపెనీలో పనిచేస్తూ, భార్య పోయిన శామ్యూల్ అనే యూదుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆయన కొడుకు డేనియల్‌కి అప్పుడు ఆరేళ్ళు. వాడికి పప్పన్నం కలిపి పెట్టి, తెలుగు నేర్పి, అమ్మా అని పిలిపించుకుంది. ఏటా వాడి కన్నతల్లి సమాధి దగ్గరికి తీసుకెళ్ళి గులకరాయి పెట్టించిందీ తనే. వాళ్ళలో సమాధికి పువ్వులు పెట్టరు. రాయి పెడితే ఎవరో వచ్చి తలుచుకుని వెళ్ళారని గుర్తు.

2008లో శామ్యూల్ పోయాడు. ఖననమైన వారంలోనే డేనియల్ వచ్చి, "అమ్మా, మాలో ఒక కస్టమ్ ఉంది. అన్‌వీలింగ్ దాకా ఎవ్వరూ గ్రేవ్‌కి వెళ్ళరు," అన్నాడు. అంటే ఏడాదికి సమాధిరాయి నిలబెట్టి, దాని మీద కప్పిన గుడ్డ తీసే రోజన్నమాట. త్రివేణి సరేనంది. ఆ ఏడాదంతా శ్మశానం గేటు ముందునుంచే ఆఫీసుకి వెళ్ళింది, ఒక్కసారి కూడా కారు లోపలికి తిప్పలేదు.

"ఓసారి చూసొద్దాం పదవే, ఎవరు అడుగుతారు?" అని నేనంటే, "ఆయన ఆచారం. నేనే తప్పితే ఎలా?" అనేది. నాకు ఒళ్ళు మండేది. మొగుడి సమాధి పెళ్ళాం చూడకూడదట, ఇదేం ఆచారమో నా బొంద!

గుడ్డ తీసే రోజున నన్నూ తోడు తీసుకెళ్ళింది. వాళ్ళ మతగురువు రబ్బీ కీర్తనలు చదివాడు. డేనియల్ గుడ్డ లాగాడు. అందరూ రాతి మీది పేరు చూస్తుంటే త్రివేణి కింద గడ్డిలోకి చూస్తోంది. అక్కడ గుప్పెళ్ళకొద్దీ గులకరాళ్ళున్నాయి. కొన్ని మట్టిలో సగం కూరుకుపోయి నాచు కూడా పట్టాయి.

"ఇవెవరు పెట్టార్రా?" అంది ప్రార్థన అయ్యాక.

డేనియల్ తల దించుకున్నాడు. "నేనే. సండే సండే వచ్చేవాణ్ణి."

"మరి నన్నెందుకు రావద్దన్నావు?"

"పక్కనే మా అమ్మ ఉంది కదా. కొన్నాళ్ళు మేం ముగ్గురమే ఉండాలనిపించింది."

మా అమ్మ అన్నాడు, ఆవిడ మొహం మీదే. గుడ్డ తీసేదాకా వెళ్ళకూడదన్న పట్టింపు కొన్ని కుటుంబాల్లో నిజంగానే ఉందట. వీడు మాత్రం ఆవిడ ఒక్కదానికే పెట్టాడు. నమ్మించి గొంతు కొయ్యడమంటే ఇదే. వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

అందరూ భోజనాలకి త్రివేణి ఇంటికే బయల్దేరారు. ఆవిడ ఇంటి తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వెళ్ళి వడ్డించు," అంది. డేనియల్ కదల్లేదు.

"నేనూ ఉంటానమ్మా," అన్నాడు.

"నువ్వు ఏడాదంతా ఉన్నావుగా," అంది త్రివేణి. "వెళ్ళు. ఇవాళ మా ఇద్దర్నీ వదిలెయ్."