జేబులో పాప

పక్కింట్లో కొత్త జీన్స్ గుడ్డల మూట విప్పితే ఆ వాసన కిటికీలోంచి నా బల్ల దాకా వస్తుంది. పిల్లల పుస్తకానికి బొమ్మలేస్తున్న చెయ్యి ఆగిపోతుంది.

రాయదుర్గంలో, ఈ ఇంట్లోనే, అమ్మ జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టేది. మిషన్ చప్పుడులో నా మాట ఆమెకు వినపడేది కాదు. ఆడుకోను ఎవరూ లేక ఒకరోజు గుర్తులు పెట్టే సుద్దముక్కతో జేబుగుడ్డ లోపలివైపు పాప బొమ్మ గీసినాను. రెండు జడలేసుకుని, చెయ్యెత్తి పిలిచే పాప. అమ్మ చెవి దగ్గరికి పోయి గట్టిగా అడిగినాను.

"అమ్మా, ఈ పాప యాడికి పోతాది?"

"బెంగళూరుకు."

"ఆడ ఎవరన్నా చూస్తారా?"

అమ్మ మిషన్ ఆపింది. "చూడకుండా ఎట్లుంటారే? జేబులో చెయ్యి పెట్టరా ఏంది!"

చూసినోళ్లు నాతో ఆడుకోను వస్తారని, వీధి చివర బెంగళూరు బస్సు ఆగినప్పుడల్లా గడపలో నిలబడేదాన్ని.

కుట్టిన ప్యాంట్లన్నీ ఈ ఊర్లోనే ఉతికి, ఆ తర్వాతే లారీకెక్కిస్తారని పెద్దయినాక తెలిసింది. నా సుద్ద పాప ఆ నీళ్లలోనే చెరిగిపోయి, రాయదుర్గం దాటనే లేదు. అమ్మకు ఆ సంగతి అప్పుడే తెలుసు.

ఇప్పుడు అమ్మ లేదు. మిషన్ ఉన్నచోట నా బల్ల ఉండాది. దీనికి ముందు నేను బొమ్మలేసిన పుస్తకం అంగళ్లకు పోయి చానా రోజులయింది. వీధి చివర బస్సు ఆగితే, కుంచె పక్కనబెట్టి గడపలోకి పోతాను.