రోలు ముందు కొంగు

నేను పాఠాలు చెప్పిన బడిలో ఒకటో తరగతి టీచరుగారి కొంగే నాకిప్పటికీ గుర్తు. సాయంత్రం ఆఖరి గంట వినపడగానే దాన్ని నడుముకు బిగించి దోపుకునేవారు. ఇంటికెళ్ళి రోకలి పట్టాలి. మిల్లులో పట్టించిన కారం ఆ ఇంట్లో మగవాళ్ళెవరికీ సయించదట. దంచడానికి మాత్రం ఒక్కరూ లేవరు.

ఎనభైల్లో ఓ వేసవిలో, ట్రైనింగని మా స్టాఫునంతా బస్సెక్కించి ఒంగోలు వైపు మ్యూజియాలు చూపించారు. బయల్దేరి ఇంకా ప్రత్తిపాడైనా దాటకముందే ఆవిడ మొదలుపెట్టారు: "చీకటి పడేలోపు ఇల్లు చేరతాం కదండీ?"

ఒక మ్యూజియంలో, తవ్వకాల్లో దొరికిన రాతిరోలు చుట్టూ తాడు కట్టి ఉంచారు. అక్కడి ఆఫీసరు దాని వయసు చెబుతుంటే మేం బుద్ధిగా రాసుకుంటున్నాం. ఆవిడ దాన్నే చూస్తూ, తనకు తెలియకుండానే కొంగు దోపుకున్నారు. తాడు మీదుగా వంగి, అరిగిన గుంటలో చెయ్యి పెట్టారు.

"అమ్మా! రోలు ముట్టుకోకూడదు!" కాపలా మనిషి కేకేశాడు.

మేమంతా నవ్వాం. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. కొంగు మెల్లగా వదులు చేసుకుని అతనివైపు తిరిగారు.

"ఇంకొక్కసారి అనండి బాబూ. ఆ మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు."