మా మిలిటరీ బండి మైలేజీ

మొన్న పత్తికొండ రోడ్డు మీద పాత ఇనుము లారీ ఒకటి మా లారీని గొలుసేసి లాక్కుపోతుంటే చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరికీ ముందే చెప్పేస్తున్నా, మేం దాన్ని అమ్మలేదు. దయచేసి ఫోన్లు చేసి ఓదార్చడం ఆపండి. ఈ పొద్దు కూడా మా చిన్నమామ ఫోన్ చేసి, ఎన్నేళ్లని పెట్టుకుంటావు, పోనీలే, మనసు గట్టి చేసుకో అన్నాడు. బండి ఇంటి ముందరే ఉంది మామా అంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పేస్తా, కూర్చోండి. టీ కూడా చెప్పండి. ఇందులో నా పరువు పోయే భాగం కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ఆ లారీ మా నాయన మిలిటరీ వాళ్ల వేలంలో కొన్నది. అందుకని ఊళ్లో అందరూ దాన్ని మిలిటరీ అనే పిలుస్తారు. ఇప్పటి లారీలన్నీ డీజిలు కదా, ఇది మాత్రం పెట్రోలు ఇంజను, పాతకాలం కార్బురేటరు. ఎండాకాలంలో ఎద్దు తొట్టి దగ్గర నిలబడి నీళ్లు తాగినట్టు పెట్రోలు తాగుతుంది. మా ఆవిడ సుభద్రకు ఆ బండి మీద కోపం లేదు, బంకు మీదే కోపం. సంపాదించేదంతా అక్కడికే పోతోందని ఆమె బాధ. నిజమే, కాదనలేను.

ఇక ఖాజా సంగతి. పక్క ఊళ్లో పాత ఇనుము వ్యాపారం అతనిది. మంచి మనిషి. కాకపోతే మా ఇంటి వైపు వచ్చినప్పుడల్లా పెళ్లిచూపులకు వచ్చినట్టు మిలిటరీ చుట్టూ తిరిగి, డోరు తట్టి, "ఇనుము శానా గట్టిది రెడ్డన్నా" అని వెళ్లేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మా నాయన చేతుల్లో అరిగిన స్టీరింగు అది. దాన్ని గ్యాసుతో కోసి తూకానికి వేస్తారనే ఊహకే నాకు అన్నం సహించేది కాదు.

ఈసారి టమాటా కోతకు ముందు సుభద్ర తేల్చి చెప్పేసింది. "ఒక్కసారి ట్యాంకు నింపిస్తా. దాంతోనే తోట పనులన్నీ చేసుకోని, ఆఖరున టమాటా లోడు పత్తికొండ మార్కెట్టు చేర్చాల. మధ్యలో పెట్రోలు పోయించేదానికి లేదు. చేరితే బండి మనింట్లో ఉంటాది. ల్యాకపోతే ఖాజన్న తోలుకపోతాడు."

మామూలుగా అయితే ఆ పనికి రెండుసార్లు నింపాలి. అంటే మైలేజీ ఇంచుమించు డబుల్ కావాలి. నేను సరేనన్నాను. సరే అనడానికి పెట్రోలు అక్కర్లేదు కదా.

ఆ రోజు నుంచి ఫోన్లో వీడియోలే వీడియోలు. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పాను. మా చేని మట్టి సగం అందులోనే ఉంది. కడిగి బిగించాను. టైర్లకు గాలి కొట్టించాను. స్పార్క్ ప్లగ్గులు రుద్ది రుద్ది తళతళలాడించాను. పైన ఊరికే మోస్తున్న ఇనుప క్యారియర్ ఊడదీసి పక్కన పడేశాను. ఇక చివరగా కార్బురేటరు స్క్రూ. దాన్ని కొంచెం అటు తిప్పి, చెవి పెట్టి విని, కొంచెం ఇటు తిప్పి, మళ్లీ విని, డాక్టరు నాడి చూసినట్టు ఒక పూటంతా అదే పని. సుభద్ర అన్నం గిన్నె అక్కడికే తెచ్చి ఇచ్చి వెళ్లిపోయింది.

ఇప్పుడు మైలేజీ కొలవాలి కదా. పెట్రోలు మీటరు ముల్లు మా నాయన కాలంలోనే పడిపోయింది. అందుకని ఒక వెదురు కట్టె చెక్కి, గాట్లు పెట్టాను. బంకులో ట్యాంకు నింపించి కట్టె ముంచితే పైదాకా తడి. భేష్. రెండు రోజులు తోటకు నీళ్ల డ్రమ్ములు, ఎరువులు తోలాను. మూడోనాడు పొద్దున్నే లేచి, పళ్లు కూడా తోముకోకుండా కట్టె ముంచి చూస్తే ఏముంది! తడి కిందికి దిగనే లేదు. మళ్లీ తుడిచి ముంచాను. అంతే ఉంది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మా బండికి బ్యాటరీ వీకు. సెల్ఫ్ కొడితే మూలుగుతుందే తప్ప లేవదు. అందుకని సాయంత్రం ఇంటి పక్కనున్న దిబ్బ మీదికి రివర్సులో ఎక్కించి, మూతి కిందికి ఉండేట్టు నిలబెట్టి, చక్రం కింద రాయి పెడతా. తెల్లారి రాయి తీస్తే బండి దానంతటదే దొర్లుతుంది, గేరు వేస్తే స్టార్టు. పాత బండి ఉన్న ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి, కొత్తేమీ కాదు. పెట్రోలు ట్యాంకేమో బాడీ పక్కన పొడుగ్గా ఉంటుంది. మూత ముందు కొసన. ఇదంతా నాకు తెలిసిందే. తెలిసినవన్నీ బుర్రలో ఒకచోట కలవాలి కదా, అదే జరగలేదు.

ఆ పొద్దు నేరుగా టీ అంగడికి పోయాను. మైలేజీ డబుల్ చేశానని చెప్పాను. ఒక్కసారి కాదు, ఎవరొచ్చినా మళ్లీ మొదటి నుంచి. కార్బురేటరు అంటే ఏమిటి, గాలి ఎంత, పెట్రోలు ఎంత, అన్నీ వివరించాను. పాత జీపున్న ఒకాయన తన బండి కూడా చూడమని బతిమాలాడు. చూశాను, తిప్పాను, ఆశీర్వదించి పంపించాను. ఆ జీపును సాయంత్రం ట్రాక్టరుతో ఇల్లు చేర్చారని తర్వాతెప్పుడో తెలిసింది. ఖాజా దారిలో కనబడితే ఆపి మరీ చెప్పాను, ఇంక మా ఇంటి వైపు రావద్దని. అతను నవ్వి, "సంతోషం రెడ్డన్నా" అన్నాడు. ఆ నవ్వు కూడా నాకు ఏడుపు దాచుకున్నట్టే కనిపించింది.

కోత రోజు రానే వచ్చింది. పొద్దున్నే టమాటా బాక్సులు నిండుగా ఎక్కించాం. దిబ్బ మీదే కట్టె ముంచితే నాలుగు వేళ్ల తడి. పత్తికొండకు వెళ్లి రావడానికి కూడా సరిపోతుందని లెక్కేసుకున్నాను. పందెం సంగతి స్వయంగా చూడాలని సుభద్ర ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దారిలో బంకు దగ్గరికి రాగానే, పాపం, ఆమే అడిగింది. "పందెం పక్కన పెడదాం. కొంచెం పోయించుకుంటావా? పండ్లు మాగినాయి, వేలానికి అందకపోతే కష్టం." నేను హారన్ కొట్టుకుంటూ బంకును దాటేశాను.

ఇంకొంత దూరం పోయాక బండి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. తర్వాత చప్పుడు లేదు. అటు చూసినా ఇటు చూసినా బల్లపరుపు రోడ్డు, నిలబడటానికి చెట్టు నీడ కూడా లేదు. దిగి కట్టె ముంచాను. పొయ్యిలో పెట్టుకోవచ్చు, అంత పొడిగా వచ్చింది.

నాకు ఒక్కసారిగా అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. ఎవరో పెట్రోలు దొంగిలించారు. ఎవరికి అవసరం? బండి అమ్ముడుపోతే ఎవరికి లాభం? "ఖాజాగాడి పనే" అన్నాను గట్టిగా. సుభద్ర కొంగు తల మీద వేసుకొని నా వైపు చూసింది, అంతే.

టమాటా ఆటోలు ఒక్కొక్కటే మమ్మల్ని దాటి పోతున్నాయి. మధ్యాహ్నానికల్లా వేలం అయిపోతుంది. ఆ ఎండకు టార్పాలిన్ కింద పండ్లు సాయంత్రానికి మెత్తబడి కారిపోతాయి. బండి పోతే పోయింది, ఇంటిల్లిపాదీ కష్టం కూడా పోతుంది. పోనీ ఎవరినైనా పంపి పెట్రోలు తెప్పించినా, లోడు బండిని ఆ చదును రోడ్డు మీద తోసి స్టార్టు చేయడం నలుగురైదుగురి వల్ల అయ్యే పని కాదు.

అప్పుడొచ్చింది వెనకనుంచి పాత ఇనుము లోడుతో ఒక లారీ. ఆగింది. దిగింది ఎవరంటే, ఖాజా.

నేనింకా నోరు విప్పకముందే సుభద్ర అందుకుంది. "ఖాజన్నా, మా ట్యాంకులో పెట్రోలు నువ్వు దొంగిలించినావంట. మీ రెడ్డన్న చెప్తాండాడు."

నేను ఆ ఎండలోనే ఆవిరైపోతే బాగుండనిపించింది. ఖాజాకు కోపం రాలేదు. ఒక్క క్షణం ఆలోచించాడు. "పెట్రోలు నేనేం చేసుకోను వదినా, నాది డీజిల్ బండి. దొంగిలించేటట్టుంటే బండినే తోలుకపోతుంటి గదా." తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "పొద్దన్న యాడ చూసినావు అన్నా, పెట్రోలు ఉండాదని?"

"ఇంటికాడ, దిబ్బ మీద," అన్నాను.

ఖాజా తన అరచేతిని ముందుకు వాల్చి చూపించాడు. సుభద్ర అంది. "నూనె డబ్బా ఒక పక్కకు వంచి చూసుకోని, నిండా ఉండాదని నేనెప్పుడన్నా సంబరపడినానా?"

మూతి కిందికి పెట్టిన బండి. ముందు కొసన మూత. ఉన్న కాస్త పెట్రోలూ జారి వచ్చి ఆ మూత కింద చేరితే, నేను కట్టె ముంచి పండగ చేసుకున్నాను. దొంగా లేడు, డబుల్ మైలేజీ లేదు. చేసిన రిపేర్లన్నీ మంచివే, కొలిచిందే తప్పు. ఖాజా చేతులు పట్టుకొని తప్పయిపోయిందప్పా అన్నాను. అతను నా చేతులు విడిపించుకొని, లారీలోంచి గొలుసు తీసి రెండు బండ్లకూ కట్టేశాడు. ముందు టమాటాల సంగతి చూద్దాం, మిగతాది తర్వాత అన్నాడు. అతని ఇనుము లోడు కోసం అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు. ఆ మాట అతను అననే లేదు, ఫోన్లో వాళ్లకు సర్దిచెబుతుంటే విన్నాను.

అలా ఊరేగింపు మొదలైంది. ముందు పాత ఇనుము, వెనక మేము. చూసేవాళ్లు ఏమనుకుంటారు? ప్రతి ఊరి దగ్గరా మనుషులు లేచి నిలబడ్డారు. ఒకాయన పక్కనే నడుస్తూ వచ్చి ఎంతకు పోయిందని అడిగాడు. టీ అంగడిలో నా పాఠాలు విన్నవాడొకడు బైకు మీద పోతూ తల వంచుకున్నాడు. ఒక ముసలామె మాత్రం రోడ్డు మీదికే వచ్చేసింది. "నా పెండ్లికి దీంట్లోనే వచ్చినాం తల్లీ. మీ మామ ఒక్క పైసా తీసుకోల్యా. దీన్ని యాడికి పంపిస్తాండారు?" అని సుభద్రను అడిగి కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత సుభద్ర మార్కెట్టు దాకా డోరు మీద చెయ్యి వేసి కూర్చుంది.

వేలం ఇంకా నడుస్తోంది. హమాలీలతో పాటు ఖాజా కూడా బాక్సులు దించాడు. మంచి ధరే పలికింది. దేవుడనేవాడు ఒక్కోసారి లుంగీ ఎగ్గట్టుకొని పాత ఇనుము లారీలో కూడా వస్తాడు, నాకు ఆ పొద్దు తెలిసింది.

ఇక మిగిలింది పందెం. తాళంచెవి తీసి ఖాజా చేతిలో పెట్టాను. తీసుకోప్పా, నీకైతే మనసారా ఇస్తా అన్నాను. అతను తాళంచెవిని చూడకుండా సుభద్రను చూశాడు.

"పందెం ఏమి?" అంది ఆమె. "మధ్యలో పెట్రోలు పోయించకుండా లోడు పత్తికొండ చేరాల. పోయించినామా?"

"ల్యా," అన్నాను.

"చేరినామా?"

"చేరినాం."

"మరింకేమి," అని ఖాజా చేతిలో తాళంచెవి తీసుకొని కొంగున ముడేసుకుంది. నాకన్నా ఖాజానే గట్టిగా నవ్వాడు.

కాబట్టి బండి ఇంట్లోనే ఉంది. పందెం నేనే గెలిచాను. చుక్క పెట్రోలు లేకుండా నిండు లోడుతో అంత దూరం వచ్చింది. అంత మైలేజీ అది మిలిటరీలో ఉన్నప్పుడు కూడా ఇచ్చి ఉండదు. ఎవరికైనా ఆ టెక్నిక్ కావాలంటే చెబుతా, దాచుకునేదేం లేదు. కాకపోతే ముందర ఒక ఖాజా, పక్కన ఒక సుభద్ర ఉండాలి.