అందరూ గడికి పోయారని చెప్పింది నేనే

ఈ సంగతి చెప్పబోయిన ప్రతిసారీ ఎదుటివాళ్లు వేరే మాట ఎత్తారు. మొన్న సూర్యాపేట బస్టాండు పక్క హోటల్లోనూ అదే జరిగింది. రేడియోలో ఎన్నికల ఫలితాలు చెబుతున్నారు. ఢిల్లీలో మళ్లీ ఖద్దరు టోపీల పార్టీయే. వరుసగా ఇది మూడోసారి. పక్క బల్ల దగ్గర ఒక వకీలు, ఇద్దరు పంతుళ్లు కూర్చుని ఎందుకు గెలిచిందో తేలుస్తున్నారు. స్వాతంత్ర్యం తెచ్చిన పేరు అని ఒకరు, ఎదుటి పక్షాలు చీలిపోయాయని ఒకరు, నాయకుడి ముఖం చూసి వేస్తున్నారని ఒకరు. నాకు తెలుసు అన్నాను. ఎవరూ తల తిప్పలేదు. ఇంకోసారి అన్నాను. నేను లేచి పోతున్నాననుకుని వకీలు కుర్చీ జరిపి దారి ఇచ్చాడు. అంతకుముందు రెండు పత్రికలకు రాశాను. వేయలేదు. వేయలేమని కూడా రాయలేదు.

అందుకే మీకు రాస్తున్నాను. మీరు మధ్యలో లేచిపోయినా నాకు కనిపించదు. అది కొంత నయం.

నేను మోస్తున్నది ఒక్క మాట. అన్నప్పుడు ఏ బరువూ లేదు. నోట్లోంచి పోయాకే బరువెక్కింది. పదేళ్లు దాటినా దిగలేదు.

మా ఊరు సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు పోయే దారిలో ఉంది. నవాబు పాలన చివరి రోజుల్లో మా ఊళ్లో సంఘం లేచింది. దాన్ని నడిపింది రాములన్న, మా పెదనాన్న కొడుకు. ఊరి భూములన్నీ చేతిలో పెట్టుకున్న దొర, కోటలాంటి తన గడికి తాళం వేసి కోదాడలో బంధువుల ఇంటికి పారిపోయాడు. సంఘం ఆయన భూములు పంచింది. నాకు ఊరి చివర నీళ్లెక్కని మొరంగడ్డ చెలక ఇచ్చారు. రాములన్న వంతుకు చెరువు తూము కింద మడి వచ్చింది. ఆయనకు అప్పటిదాకా గుంట భూమి లేదు, నాకు కొంత ఉంది. ఇదంతా నిజమే. కానీ నేను పంచాయితీలో నిలబడి అడిగినప్పుడు, లేనివాళ్లను ముందు చూద్దామని ఒక్క మాట అని ఆయన తర్వాతి పేరు పిలిచాడు. వీడికి చెరువే రాసియ్యండి అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ల పేర్లు ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

ఆ తర్వాత ఢిల్లీ మిలిటరీ వచ్చింది. నవాబు పాలన ఖతమైంది. ఊరంతా సంబరపడింది. కొన్నాళ్లకే మిలిటరీ బండి వెనక దొర కూడా వచ్చాడు, నెత్తిన తెల్ల ఖద్దరు టోపీతో. మేము తరిమిన మనిషే. టోపీ ఒక్కటే కొత్తది. ఆ టోపీ పార్టీయే ఇప్పుడు రాజ్యమని చాటింపు వేయించారు. రాములన్న అడవి పట్టాడు.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. దొర పై ఊరి నుంచి తిరిగొస్తే ఇంటికొకరు ఏదో ఒకటి పట్టుకుని గడికి పోవాలి. కోడో, సొరకాయో, దోసెడు పెసర్లో. గడి వాకిట్లో పెట్టి దండం పెట్టి రావాలి. పెట్టిన దానితో దొరకు పని లేదు. పోవడమే ముఖ్యం. పోయిన ఇల్లు దొరది, ఆ ఇంటి పొలం దొరది. రాములన్న పోయే ముందు ఊరిని కూర్చోబెట్టి ఒక్కటే అడిగాడు. వరి కోతలయ్యేదాకా ఏ ఇంటి నుంచీ ఎవరూ గడికి పోవద్దని. గింజ ఇల్లు చేరితే ఏడాది బతుకుతాం, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. అందరూ సరే అన్నారు. నేనూ అన్నాను.

ఊరు నిలబడింది. ఇది మీరు నమ్మాలి. మిలిటరీ మకాం సూర్యాపేటలో, రోజూ మా ఊరికి రాలేదు. గడి వాకిలి ఖాళీగా ఉంది. దొర అరుగు మీద కూర్చుని వీధి చూసేవాడు. వీధి ఆయన్ని చూడకుండా పోయేది. పొలాల్లో కంకులు వంగుతున్నాయి.

అప్పుడు గడి గుమాస్తా నా చెలక దగ్గరికి వచ్చాడు. ఎట్లున్నవ్ అని అడిగి గట్టు మీద కూర్చున్నాడు. నేను చెలక సంగతి ఎత్తాను. ఆయన చివరిదాకా విన్నాడు. నా ఫిర్యాదు చివరిదాకా విన్న మొదటి మనిషి ఆయనే. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ రోజు నన్ను కొన్నది అదే. ఒక్కరు వస్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారని, ఆ ఒక్కరు రాములు ఇంటి నుంచైతే మంచిదని చెప్పి లేచాడు. బెదిరించలేదు. ఆశ పెట్టలేదు. కనీసం అది చేసి ఉంటే ఇప్పుడు తప్పు ఆయన మీద వేయగలిగేవాణ్ణి.

మర్నాడు పొద్దున రాములన్న ఇంటికి పోయాను. ఆయన భార్య ముత్తమ్మ వదిన కోతల కోసం కొడవలి పళ్లకు కక్కు పెట్టించి తెచ్చి చూరులో దోపుతోంది.

"ఇగ నువ్వొక్కదానివే మిగిలినవ్ వదినా. అందరు గడికి పోయిండ్రు," అన్నాను.

"ఎవరెవరు?"

"అందరు."

"లచ్చక్క గూడనా?"

"ఇంత పొద్దుగాలనే పోయింది. కోడిని సంకల వెట్టుకోని పోయింది."

వదిన నవ్వింది. నవ్వుతుందని నేను అనుకోలేదు. "గా కోడినా? మొన్న పైసలిస్తనన్నా నాకియ్యలే. గుడ్లు పెడ్తదని ఎన్ని సాకులు జెప్పింది." ఆ నవ్వు ముఖం మీద ఉండగానే అడిగింది. "మరి నువ్వు?"

"నేను నిన్ననే పోయిన."

"మీ అన్న లేకపాయె. నేనొక్కదాన్ని నిలబడితే పంట నిలబడ్తదా మరిదీ?"

"పంటనే కాదు, ఇల్లు గూడ నిలబడదు."

అప్పటికి ఒక్కరూ పోలేదు. నేనూ పోలేదు.

ఆమె పాదు మీంచి ఒక సొరకాయ కోసింది. కొంగు కప్పుకుని బయటికి నడిచింది. మూల మలుపు దాకా ఆమె వీపు నాకు కనిపిస్తూనే ఉంది. పిలిస్తే వినిపించేది. ఎందుకు పిలవలేదు? మడి పోతుందని తెలియదా? తెలుసు. ఆమె మీద కోపమా? లేదు, నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చిన మనిషి. ఆ రోజు నవ్విన వాళ్లలో కూడా ఆమె లేదు. రాములన్న నా మాట దాటేసి పిలిచిన ఆ తర్వాతి పేరు దగ్గరే నేను ఇంకా నిలబడి ఉన్నాను. అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు.

మూల మలుపు అవతల లచ్చక్క గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. పొద్దున్నే పోయి వచ్చేసిందనుకుందేమో, వదిన ఆగలేదు. రాములు పెండ్లామే సొరకాయ పట్టుకుని గడికి పోవడం లచ్చక్క చూసింది. చేట దించింది. ఆ పక్కింటివాళ్లు లచ్చక్కను చూశారు. సాయంత్రానికి ఆ కోడి కూడా పోయింది, నా అబద్ధంలో ఎలా పోయిందో అలాగే, లచ్చక్క సంకలో. చివరి వాళ్లతో కలిసి నేనూ పోయాను. దొర నా పేరు అడగలేదు.

పంట గడి గాదెల్లోకి పోయింది. తన మడిలో ముత్తమ్మ వదిన కూలికి కోత కోసింది. ఊరు కూర్చుని, మాట ఎవరు తప్పారని అడిగింది. మరిది చెప్తేనే పోయానని ఆమె అన్నది. అందరూ నా వైపు చూశారు. నేనేమీ చెప్పలేదని, వదిన తనంతట తానే పోయిందని అన్నాను.  ఆమె నన్ను చూసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రాములన్న పట్టుబడ్డాడు. జైలు నుంచి వచ్చాక నన్ను పిలిచి, వదిన చెప్పింది నిజమేనా అని అడిగాడు. ఊరంతా చూసింది కదా, నన్నడుగుతావేమని అన్నాను.  ఆ ఏడే మిర్యాలగూడ వెళ్లి బియ్యం మిల్లులో కుదిరాడు. ఆమెను తీసుకుపోలేదు. ఆమె కోదాడలో అన్న ఇంట్లో ఉంది. మా ఊళ్లో ఇప్పటికీ మాట తప్పిన వాళ్లను ముత్తమ్మ అని పిలుస్తారు. పిల్లలు కూడా. ఎందుకో వాళ్లకు తెలియదు.

ఇక ఎన్నికల సంగతి. మొదటిసారి ఓట్లు వచ్చినప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లన్నీ సంఘం వైపే వేశాయి. మా ఊరు మాత్రం టోపీ వైపు వేసింది. గుమాస్తా నన్ను ఇల్లిల్లూ తిరగమన్నాడు. పార్టీని పొగడమనలేదు. ఈ వాడలో ఆ వాడంతా అటే అన్నాను. ఆ వాడకు పోయి ఈ వాడంతా అటే అన్నాను. రెండోసారి, మూడోసారి నేను తిరగాల్సిన పని కూడా లేకపోయింది. జనం ఒకరికొకరు చెప్పుకున్నారు. పక్కవాడు వేస్తున్నాడని ఇతడు, ఇతడు వేస్తున్నాడని పక్కవాడు. ఆ పార్టీ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు. దేశం సంగతి నేను తేల్చలేను. మా ఊళ్లో మాత్రం ఎవరూ దాన్ని కోరుకోలేదు. ఒంటరిగా మిగలడానికి భయపడ్డారు. ఆ భయం వాళ్లకు మొదట పెట్టింది నేను. హోటల్లో ఆ వకీలుకు చెప్పబోయింది ఇదే.

నన్ను క్షమించమని ఎవరినీ అడగడం లేదు. నా పేరు కూడా రాయలేదు, ఆ ధైర్యం ఇంకా రాలేదు. అయినా మా ఊరివాళ్లు పోల్చుకుంటారు. పోల్చుకోనీ. ఇంతవరకు రాశాక చెయ్యి కొంచెం తేలికగా కదులుతోంది. ఇది అచ్చయితే ఒక ప్రతి మిర్యాలగూడకు పంపుతాను.

రాములన్నా, వదిన మాట తప్పలేదు. ఊరు ఆమెను విడిచిపోయిందని నమ్మింది, నమ్మించింది నేను. పంచాయితీలో ఆమె చెప్పింది నిజం, నేను చెప్పింది అబద్ధం. నన్ను తిట్టినా, ముఖం చూడకపోయినా నీ ఇష్టం, అది అడగను. కోదాడకు పోయి ఆమెను తెచ్చుకుంటావా, లేదా? ఇన్నాళ్లూ నా మాటకు ఎవరూ జవాబివ్వలేదు. దీనికి మాత్రం నువ్వు జవాబు చెప్పాలి.