బావి అడుగున తలుపు

మా వీధి మలుపులో సాయంత్రమైతే ఒక తోపుడు బండి నిలబడుతుంది. బండాయన చెనిక్కాయ పొట్టుతో పొయ్యి రాజేసి, ఇసుకలో బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, వేయిస్తాడు. అందరికీ ఆ వేగే వాసనకు నోరూరుతుంది. నాకు మాత్రం కింద కాలే పొట్టు వాసన తగిలి ఒళ్లు మండుతుంది. మా పెద్దమ్మ నా పుస్తకాన్ని కాల్చింది అలాంటి పొట్టు మంటలోనే.

కుందుర్పి దాటాక ఉండేది మా ఊరు. ఉగాది ఓళిగల తీపి మరిచిపోయి, ఎర్రమట్టి గాలి పళ్ల మధ్య కరకరలాడుతూ, మబ్బు కోసం అందరూ పడమటికేసి చూసే రోజుల్లో, ఇంటింటా విత్తనానికి బుడ్డలు ఒలిచేవాళ్లు. మిషన్‌లో వేస్తే పప్పు బద్దలవుతుందని చేత్తోనే ఒలవాలి. ఇంటి ముందరి పడసాలలో కాయల కుప్ప, చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్లు, పిల్లలం, బొటనవేళ్ల తోలు లేచిపోయి మంట. ఒలిచేవాళ్లు విత్తనం నోట్లో వేసుకోకుండా ఎవరో ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్లు ఊ కొట్టాలి. మా ఇంట్లో ఊ చెల్లదు. నోరు మూసుకుని నములుతూ కూడా ఊ అనొచ్చని, మాటమాటకూ నోరు తెరిచి "ఆ" అనాలని పెద్దమ్మ చట్టం. నాయనకు వదిన ఆమె. ఇంటి తాళాలు, మా నోళ్లు, అన్నీ ఆమె చేతిలోనే.

ఆ ఏడు బళ్లో అయ్యవారు నాకు అట్ట ఊడిపోయిన లావుపాటి కథల పుస్తకం ఇచ్చాడు. అందులో వాన లేని ఊళ్లో ఒక పిల్ల నీళ్ల కోసం ఎండిన బావిలోకి దిగుతుంది, అడుగున ఒక తలుపు కనబడుతుంది. పొద్దున గొడ్లపాకలో కూర్చుని చదివిందాన్ని మధ్యాహ్నం కుప్ప దగ్గర చెప్పేదాన్ని. చెబుతూ చెబుతూ ఆ బావిని మా బావి చేసేదాన్ని, ఆ పిల్లకు పక్కింటి సుంకమ్మ వంకర ముక్కు పెట్టేదాన్ని, లేని పాముల్ని దించేదాన్ని. పుగాకు దవడన పెట్టుకుని పెద్దమ్మ కూడా అందరికంటే ముందు "ఆ" అనేది.

ఒకరోజు సుంకమ్మ, "అక్కా, ఈ పాపను బాగా చదివించండప్పా" అంది. అదే నా కొంప ముంచింది. మరునాడు పొద్దున నీళ్లపొయ్యి దగ్గర పెద్దమ్మ నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

"చదివే చెయ్యి కసువు ఊడుస్తాదా?" అని మంటలోకి తోసింది.

బావి తలుపు ఇంకా తెరుచుకోనే లేదు. కాగితాలు ముడుచుకుపోతుంటే నాయన చూశాడు, ఆ నీళ్లే తోడుకుని స్నానం చేశాడు.

మధ్యాహ్నం కుప్ప దగ్గర పెద్దమ్మే అడిగింది.

"చెప్పు మే, తలుపు తీసినాక ఏమైంది?"

"పొయ్యిలో ఉండాది పెద్దమ్మా, ఆడనే అడుగు."

వీపు మీద ఒకటి పడింది. నేను నోరు విప్పలేదు. కథ లేదు, ఆ అనడం లేదు, అన్ని నోళ్లూ ఖాళీ. పడసాలంతా కసకసా నమిలే చప్పుడు. పొరుగువాళ్లను ఏమనగలదు? పొట్టు కుప్ప పెరుగుతోంది గానీ చేటలో విత్తనం నిండడం లేదు. చివరికి ఆమే బెల్లం ముక్కతో వచ్చింది. బెల్లం తిన్నాను. తిని, పుగాకు నములుతూ కాగితాలు మింగే రాకాసి కథ ఎత్తుకున్నాను. ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుతూ మాటమాటకూ "ఆ" అన్నారు. తన చట్టమే కదా, పెద్దమ్మ కూడా "ఆ" అనాల్సి వచ్చింది.

అప్పటినుంచి నేను ఏది రాసినా ఆ రాకాసి అందులో దూరుతుంది. బావి తలుపును మాత్రం ఎన్ని రకాలుగా తెరిచానో! జ్వరంలో ఉన్న కూతురికి ఒకలా, వంటింట్లో ఏమీ లేని నాడు నాకు నేనే ఒకలా. చదివింది సగంలో తెగిపోతే మిగతాది అల్లుకోవడం, ఉన్నదాంతో రోజు గడుపుకోవడం నాకు అలా అలవడ్డాయి. అందుకైనా ఆమెకు దండం పెట్టమంటాడు మా ఆయన. పెట్టను.

పోయిన నెల ఊరికి వెళ్లాను. పెద్దమ్మ మంచం పట్టి ఉంది.

"ఆ తలుపు తీసినాక ఏమైంది మే? నేను పొయ్యేలోపల చెప్పు."

నేను రాసిన కొత్త పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాను. "దీంట్లో ఉండాది. చదువుకో."

ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి నాకు తెలిసే పెట్టాను.

ఇప్పుడు విత్తనం ఒలిచిందే మూటల్లో వస్తోంది. పడసాలలో కుప్ప లేదు, చుట్టూ మనుషులు లేరు, పిల్లల తలలు సెల్‌ఫోన్లలో ఉన్నాయి. నిన్న పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది.

"వొదినా, ఎవురొచ్చినా చదవమని అడుగుతాండాది. ఎవురికి తీరిక? పుస్తకం తెరుచుకోని, ఒగతే కూచోని ఆ, ఆ అంటాంది."

బండి దగ్గరికి వెళ్లి పొట్లం బుడ్డలు కొనుక్కుని, ఆ పొట్టు పొగలోనే నిలబడి, నోటినిండా నమిలాను.