బిల్హా అమ్మాయిల సాయంత్రం బండి

పిన్ని మెట్ల మీద జారి కాలు మడతపడిందని తెలిసి విజయనగరం నుంచి బిలాస్‌పూర్ బయల్దేరాను. అవి ఎనభైల చివరి రోజులు. నేను పనిచేసే బళ్ళో సెలవు దొరకడమే గొప్ప. రాయ్‌పూర్‌లో బండి మారి, పులిహోర పొట్లం ఖాళీ చేసి, శనివారం మధ్యాహ్నం మూడింటికి దిగాను. రైల్వే క్వార్టర్లకి రిక్షావాడు నాలుగు రూపాయలడిగి మూడుకి ఒప్పుకున్నాడు. పిన్ని మంచం మీద ఉంటుందనుకుంటే, కాలికి కట్టుతో వరండాలో కూర్చుని బోలెడు ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇన్నెవరికి పిన్నీ?"

"ఆడపిల్లలొస్తారే. అటుకులు సెయ్యాలి. ఆకలితో వస్తారు."

ఐదు దాటాక పుస్తకాల సంచులతో అరడజను మంది వచ్చారు. బిల్హా చుట్టుపక్కల పల్లెల నుంచి రోజూ లోకల్ బండిలో వచ్చి ఇక్కడ చదువుకునే పిల్లలు. బడి వదిలాక బండికి గంటకి పైగా టైముంటుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడితే పోకిరీల గోల అని పిన్ని తన వరండా ఇచ్చేసింది. అటుకులు తిని, లెక్కలు చేసుకుని, బండి వేళకి కలిసి వెళ్తారు. పిన్ని మొండిమనిషని మా ఇంట్లో పేరు. ఆ రోజు ఆ మొండితనం చూస్తే నాకు ముచ్చటేసింది.

వాళ్ళలో వరం ఒక్కతే తెలుగు పిల్ల. తండ్రి అప్పన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. శ్రీకాకుళం వైపు మనిషి, బిల్హా పక్క పల్లెలో ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. వరం పదకొండో క్లాసు. ఆ రోజు అటుకులు ముట్టలేదు.

"సోమవారం నుంచి మాన్పించేత్తానంటన్నాడు ఆళ్ళ నాన్న," అంది పిన్ని. "టేసన్ కాడ కుర్రోళ్ళతో నవ్వుతందని ఎవుడో సెప్పాడట. నాను నడవనేను. నువ్వెల్లి మాటాడు. టీచరువి, నీ మాట వింటాడు."

ఉపన్యాసమివ్వమంటే కాదనే అలవాటు నాకు లేదు. ప్రయాణం బడలిక తీరకుండానే మళ్ళీ చెప్పులేసుకున్నాను.

బండి ఆరుంబావుకి. చివర లేడీస్ డబ్బా ఖాళీగా కనిపిస్తే హుషారుగా అటు నడిచాను. వరం చెయ్యి పట్టుకుని ఆపింది.

"అందులో వద్దు ఆంటీ. బిల్హాలో అది ప్లాట్‌ఫారం దాటి ఆగుతాది. అంధేరాలో, ఆ చీకట్లో, కంకర మీదకి దూకాలి."

అమ్మాయిలంతా మామూలు డబ్బా ఎక్కారు. కూరగాయలమ్ముకుని ఖాళీ బుట్టలతో ఊళ్ళకి తిరిగెళ్ళే ఆడవాళ్ళు అందులో గుమ్మం దగ్గరే బుట్టలు పేర్చుకుని కూర్చుంటారు. వాళ్ళని దాటి ఏ పోకిరీ లోపలికి రాలేడు. "బైఠ్ జా బహినీ," అని ఒకావిడ జరిగి చోటిచ్చి, గుప్పెడు వేయించిన శనగలు నా చేతిలో పోసింది. ఆ దారిన ఆడపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ డబ్బాయే ఎక్కండి.

"ఇంత భద్రంగా వెళ్తుంటే మీ నాన్నకి భయమెందుకు?" అన్నాను. వరం కిటికీ వైపు తిరిగింది.

బిల్హాలో అప్పన్న సైకిలుతో నిలబడి ఉన్నాడు. ఆ కబురు చెవినపడ్డాక కూతురు ఎలా దిగుతుందో స్వయంగా చూద్దామని మొదటిసారి వచ్చాడట. మిగతా పిల్లలు వేరే ఊళ్ళ దారి పట్టారు. మా దారి మైలు పైమాటే. ఆయన సైకిలు నడిపించుకుంటూ ముందు, నేను పక్కన, వరం వెనక. చదువు విలువ, ఉద్యోగాలు, మారుతున్న కాలం, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన మర్యాదగా "అవునమ్మా" అంటూనే ఉన్నాడు. చివరికి మాత్రం, "సదువొద్దని నానెప్పుడన్నాను టీచరమ్మా? రేపు ఏటైనా అయితే ఎవులొస్తారు?" అన్నాడు.

రైస్ మిల్లు ముందు కల్వర్టు మీద ముగ్గురు కుర్రాళ్ళు కూర్చున్నారు. మమ్మల్ని చూసి మాటలాపేశారు. మా వెనక నడుస్తున్న వరం చటుక్కున తండ్రికి అవతలి పక్కకి వెళ్ళి, సంచీ గుండెలకి హత్తుకుంది. ఆలోచించి చేసినట్టు లేదు, అలవాటైన పనిలా ఉంది. మిల్లు దాటాక అప్పన్న సైకిలాపాడు.

"ఆళ్ళు రోజూ ఉంటారేటే?"

వరం తలూపింది.

"ఏటంటారు?"

"దారికి అడ్డం నిలబడతారు. మొన్న చున్నీ లాగారు."

"నాకెందుకు సెప్పనేదు?"

"చెప్తే బడి మాన్పించేస్తావు గదా నాన్నా."

ఆ పిల్ల కల్వర్టు మీద వాళ్ళకి ఎంత భయపడుతోందో, తనని ప్రాణంగా చూసుకునే తండ్రికీ అంత భయపడుతోంది. మా బళ్ళో చెప్పాపెట్టకుండా మానేసిన పిల్లలు గుర్తొచ్చి నాకు దుఃఖం ఆగలేదు.

రాత్రి వాళ్ళింట్లోనే అన్నం, వంకాయ కూర. వరం తల్లికి సంగతి చెబితే, "ఈ గుంటని మాన్పిస్తే ఆళ్ళు ఇంకో గుంట ఎనకాల పడరేటి?" అంది. అప్పన్న కలిపిన ముద్ద అలాగే పట్టుకుని కూతుర్ని అడిగాడు.

"మాన్పించనంటే సెప్తావా?"

"చెప్తాను."

"నాకు కోపమొచ్చినా?"

"వచ్చినా."

అంతకుమించి ఆయన ఏమీ తేల్చలేదు. ఆదివారం పొద్దున్న బండికి నేను బిలాస్‌పూర్ తిరిగొచ్చేశాను.

సోమవారం నా తిరుగు ప్రయాణం. అదే లోకల్లో రాయ్‌పూర్ వెళ్ళి వాల్తేరు బండి పట్టుకోవాలి. ఐదు నుంచీ పిన్నీ నేనూ గేటు వైపే చూస్తున్నాం. పిల్లలందరూ వచ్చారు, వరం లేదు. పిన్ని అటుకుల గిన్నె మీద మూత పెట్టబోతుంటే, బళ్ళో ఆలస్యమైందంటూ వగరుస్తూ వచ్చింది. ఆ పూట రెండు ప్లేట్లు తింది.

బండిలో తనే చెప్పింది. నిన్న వాళ్ళ నాన్న ఇరుగుపొరుగుల్ని వెంటబెట్టుకుని మిల్లు యజమాని దగ్గరకెళ్ళాడట. కుర్రాళ్ళని అక్కడ కూర్చోనివ్వనని ఆయన మాటిచ్చాడట. "పక్కాగా మానేస్తారో లేదో తెలీదు ఆంటీ," అంది. నాకూ తెలియదు. బిలాస్‌పూర్‌లో ఏం చూశావని ఇంటి దగ్గర అడిగితే, ఒక వరండా, కొన్ని బుట్టలు, ఒక మైలు దారి అని చెప్పాలి. ఆడపిల్ల చదువు ఇంత చిన్న చిన్న వాటి మీద నిలబడి ఉందని టీచరునై ఉండీ నాకింతవరకూ తట్టలేదు.

బిల్హాలో బండి ఆగింది. అప్పన్న, ఇంకో ఇద్దరు మగవాళ్ళు సైకిళ్ళతో ఉన్నారు. వరం దిగి, నా వైపు చెయ్యూపి, ఆయన దగ్గరకి చేరకుండానే "నాన్నా, ఇయ్యాల ఏటయిందంటే..." అని మొదలుపెట్టింది. బండి కదిలింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆయన మొహం గట్టిపడింది. అయినా మధ్యలో ఆపకుండా, తల వంచి వింటూనే ఉన్నాడు.